ఆయ్ అంటే ఒప్పుకున్నట్టేనా

నర్సింగ్ మూడో సంవత్సరంలో మాకు ఎథిక్స్ పేపరు ఒకటి ఉండేది. రోగికి అన్నీ వివరంగా చెప్పాలి, అర్థం చేసుకుని ఇష్టంతో ఒప్పుకోవాలి, ఆ తర్వాతే సంతకం. దీన్నే తిప్పి తిప్పి పేజీలు నింపి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను. ఆ పాఠం రాసినవాళ్ళెవరో గానీ కోనసీమ మనుషులతో ఒక్క పూటైనా మాట్లాడి ఉండరని, అమలాపురంలో ఒక ఆసుపత్రికి డ్యూటీ వేశాకే తెలిసింది.

మా వైపు ఎవరేం చెప్పినా ముందు ఆయ్ అంటారు. అదో మర్యాద. మా నాన్నగారు పురమాయించే ప్రతి పనికీ మా అమ్మ ఆయ్ అంటుంది. అందులో సగం చెయ్యదు. ఎందుకు చెయ్యలేదని ఆయనా అడగరు. విన్నాను అని దానర్థం, అంతే. పుట్టినప్పటి నుంచి అది వింటూ పెరిగినదాన్ని, యూనిఫారం వేసుకోగానే ఎలా మర్చిపోయానో! వార్డులో ఎవరైనా ఆయ్ అనడం ఆలస్యం, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించేసేదాన్ని.

ఒకసారి సముద్రం వైపు ఊరి నుంచి ఒకావిడ చేరింది. ముప్పై దాటి ఉండవు. భర్త కువైట్‌లో డ్రైవరు, ఒక్కతే కూతురు. నెలనెలా రక్తం విపరీతంగా పోయి మనిషి పాలిపోయింది. గర్భసంచిలో గడ్డ ఉందని, సంచి తీసెయ్యాలని డాక్టరమ్మ గారు చెప్పారు. ఆపరేషన్ ముందురోజు ఆవిడకి వివరించే పని నాకు పడింది. పక్క మంచం చుట్టూ చూడ్డానికి వచ్చిన మగవాళ్ళున్నారు. గర్భం అన్న మాట నా నోరు దాటలేదు. గడ్డని సంచితో సహా తీసేస్తారని మాత్రం అన్నాను. ఆయ్ అంది. మత్తు ఇస్తారన్నాను. ఆయ్. కుట్లు పడతాయన్నాను. ఆయ్ అండి.

పెన్ను అందించబోతూ ఆగాను. ఆ ఆయ్‌లు అచ్చం మా అమ్మవే. మీ ఆయన ఫోన్ చేస్తే ఏం ఆపరేషనని చెబుతారక్కా అని అడిగాను.

"గడ్డ తీసేత్తారంట అని చెప్తానండి. గడ్డకి సంచి ఉంటదంట కదండి, అదీ తీసేత్తారంట. ఆయనొచ్చేసరికి కుదుటపడితే ఇంకొకళ్ళని కందావనుకుంటన్నావండి."

పెన్ను జేబులో పెట్టేశాను. మంచం పక్కన కూర్చుని, ఈసారి ఏ మాటా మింగకుండా చెప్పాను. గర్భసంచే తీసేస్తారని, ఇక పిల్లలు పుట్టరని చెప్పాను. ఆవిడ ఆయ్ అనలేదు.

వెళ్ళి ఇన్‌ఛార్జి సిస్టరుతో ఆవిడ ఒప్పుకోలేదని చెప్పాను. డాక్టరమ్మ గారు చెప్పినప్పుడు సరేనందిగా, నువ్వే లేనిపోనివి చెప్పి భయపెట్టావు అని నా మీద ఎగిరారు. డాక్టరమ్మ గారు మంచి మనిషే. అంత అలసటలోనూ మంచం దగ్గరికొచ్చి, మళ్ళీ మొదటి నుంచి చెప్పి, సరేనా అమ్మా అని అడిగారు.

"ఆయ్ అండి," అంది ఆవిడ.

ఇన్‌ఛార్జి నా వైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అసలు కోపం మాత్రం ఆవిడ మీదే వచ్చింది. నీకోసం ఇంతమందితో మాట పడితే, ఇదా నువ్వు చేసేది! ఉండబట్టలేక అందరి ముందూ అడిగేశాను.

"దేనికి ఆయ్ అన్నారక్కా? మీ నోటితో చెప్పండి."

ఆవిడ తల వంచుకుని గాజులు తిప్పుకుంది. "మా ఆయన్ని అడగాలండి," అంది.

అది విని ఇంకా మండిపోయాను. ఒళ్ళు ఆవిడది, ప్రాణం ఆవిడది, మధ్యలో కువైట్‌ని అడగడమేమిటి? పాఠమంతా ఆవిడకి అప్పజెప్పాలనిపించింది. హాస్టల్‌కి నడుస్తూ దారి పొడుగునా ఆవిడని తిట్టుకున్నాను. అలా తిట్టుకుంటూ ఉండగానే తట్టింది, ఆపరేషన్ గురించి ఆవిడ తనంతట తాను తేల్చి చెప్పిన మొదటి మాట అదేనని. సొంత మాట చెప్పమని పట్టుబట్టింది నేనే. తీరా చెప్పాక, అది నాకు నచ్చిన మాట కాదని విసుక్కుంటున్నదీ నేనే. మరి ఇన్‌ఛార్జికీ నాకూ తేడా ఏమిటి? దీనికి జవాబు నేను రాసిన పేజీల్లో ఎక్కడా లేదు. అన్ని మార్కులు ఎందుకు వేశారో కూడా అర్థం కాలేదు.

ఆపరేషన్ వాయిదా పడింది. డాక్టరమ్మ గారు మందులు రాసి, గడ్డ ఒక్కటే తియ్యడం కుదురుతుందేమో కాకినాడలో చూపించుకోమని, ఏ సంగతీ తేల్చకుండా ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుందని చెప్పి పంపారు. ఆటో దాకా నేనూ వెళ్ళాను. రక్తం ఎక్కువైతే ఒక్క పూట కూడా ఆగొద్దక్కా, కాకినాడైనా సరే, ఇక్కడికైనా సరే, వెంటనే రావాలి, వస్తారు కదూ అని చెయ్యి పట్టుకుని అడిగాను.

ఆవిడ నవ్వింది. "ఆయ్ అండి."

ఏం అర్థమైందో చెప్పమని అడిగేలోపే ఆటో కదిలిపోయింది. కొన్నాళ్ళకి నా డ్యూటీ వేరే వార్డుకి మారింది. ఆవిడ మళ్ళీ వచ్చిందేమోనని కనుక్కుంటూనే ఉన్నాను. ఎవరికీ తెలియదు. ఆ ఆయ్ ఏ ఆయ్యో నాకూ తెలియదు.