కొర్రమీనుకు అవ్వ ఏరిన ఎర

మొన్న ఆదివారం కొర్రమీను పులుసుకు చింతపండు ఎంత నానబెట్టాలో మరిచిపోయి, మన వయసువాళ్ళకు మరుపు కొత్తేమీ కాదు గనుక సిగ్గుపడకుండా ఫోనులో వెతికితే, అది పులుసు సంగతి వదిలేసి, ఏదో దేశంలో సముద్రపు ఒడ్డున నిలబడి చిన్న జాతి సొరచేపకు ఎర ఎలా ఎంచుకోవాలో చెబుతున్న ఒక పెద్దాయనను చూపించింది. పీత అయితే మేలట, పెంకు మెత్తగా ఉంటే మరీ మేలట. చిక్కబళ్ళాపురంలో కూర్చున్న నాకు సముద్రమెక్కడ, సొరచేపెక్కడ! అయినా ఆయన ఒక్కో పీతనూ వేలితో నొక్కి చూస్తుంటే, సాదలి దగ్గర మా ఊళ్ళో పట్టుపురుగుల తట్ట ముందు నిలబడ్డ మా అవ్వ చెయ్యి గుర్తొచ్చి, పొయ్యి వెలిగించిన సంగతే మరిచిపోయాను.

పురుగులు మేస్తున్నన్నాళ్ళూ మా ఇంట్లో చట్టమంతా అవ్వదే, అంటే మా నాయనను కన్నతల్లిదే. చేపల వాసన తగిలితే పురుగులు మేత మానేస్తాయని ఆమె నమ్మకం. అగరుబత్తి, మిరపకాయల తాలింపు, చుట్ట, ఏదీ పనికిరాదు. చెరువంటే ప్రాణమిచ్చే మా చిన్నాయన ఆ రోజుల్లో గాలాన్ని చూరులో దోపి, అలిగిన కొత్త అల్లుడిలా తిరిగేవాడు. పట్టుగూళ్ళు మార్కెట్టుకు పోయాకే ఆయనకు విడుదల.

ఒక ఎండాకాలం, పురుగులు ఆఖరి మేత మీద ఉండగా అమ్మకు జ్వరం పట్టుకుంది. జ్వరం విడిచినా నోటికి రుచి రాలేదు. సంగటి ముద్ద చూస్తేనే మొహం తిప్పుకునేది. తిండి పడకపోతే మందులు పనిచెయ్యవని డాక్టరు అన్నాడు. ఏనాడూ ఏదీ అడగని అమ్మ, ఒక సాయంత్రం, కొర్రమీను పులుసైతే నాలుగు ముద్దలు తింటానేమో అంది. అమ్మ ఇక లేవదేమోనని నేను మంచం కోడు పట్టుకుని కూర్చున్న రోజులవి.

చిన్నాయన భయంభయంగా అవ్వ మొహం చూశాడు. వండడమూ తినడమూ తోటలోనైతే సరేనంది అవ్వ. ఇంక ఆయన మకాం చెరువులో మిగిలిన మడుగు దగ్గరే. సంగటి ఉండలు పెడితే పిల్లచేపలు కొరుక్కుపోయాయి, వానపాముల కోసం తవ్వితే ఆ ఎండకు నేల రాయిలా ఉంది, కప్పపిల్లను కడితే కొర్రమీను వచ్చి చూసి మర్యాదగా వెళ్ళిపోయిందట. చివరికి ఉత్త చేతులతో వచ్చి, పురుగుల గది గడప బయట నిలబడి, పారేసే పురుగులు రెండుంటే ఇమ్మని మెల్లగా అడిగాడు.

రోగమొచ్చి ఏరి పడేసినవి మూలన బుట్టలో ఉన్నాయి. అవ్వ వాటిని వేలితో కదిపింది, అవి కదల్లేదు. తట్టవైపు తిరిగి, పసిబిడ్డల్లా సాకిన ఆ తెల్లటి పురుగులను ఒక్కొక్కటే తాకి చూసి, చురుగ్గా ఉన్నవాటినే ఏరి మల్బరీ ఆకులో పెట్టి, తట్టకు దండం పెట్టుకుంది. చిన్నాయన వద్దన్నా వినలేదు.

“సచ్చినవాటికి అది రాదులేప్పా, మంచివే తీస్కపో. ముందు కోడలు లేచి తిరగల్ల. పురుగులదేముండాది, మళ్ళా మేపుకుందాము.”

ఆ పూటే కొర్రమీను పడింది. అమ్మను ఎద్దులబండిలో తోటకు తీసుకుపోయాం. మేత పని నాయనకు అప్పజెప్పి, పురుగులున్న రోజుల్లో చేపల గిన్నె వైపు కూడా చూడని అవ్వ, తన చేత్తోనే ముళ్ళు తీసి, సంగటి పులుసులో అద్ది అమ్మ నోట్లో పెట్టింది. అమ్మ ఇంకో ముద్ద అడిగింది. నాకు ఏడుపాగలేదు.

ఇప్పుడు అవ్వా లేదు, అమ్మా లేదు. ఆ ఇంట్లో ఎవరూ పురుగులు మేపడం లేదు. చేప కావాలంటే అంగడివాడు ముక్కలు కోసి సంచిలో వేసిస్తాడు, ఎర సంగతి మనకెందుకు? చేపకు ఏది ఇష్టమో అదే ఎరగా పెట్టాలని ఫోనులో పెద్దాయన అన్నాడు. మా అవ్వ తనకు ఇష్టమైనవి పెట్టింది. ఆదివారం పులుసు బాగానే కుదిరింది గానీ, ఇంకో ముద్ద తినమని పక్కన కూర్చుని బతిమాలే చెయ్యి లేక, సగం గిన్నెలోనే ఉండిపోయింది.