ముర్రుపాలతో గెడ్డ దాటిన రోజు

మొన్న గజపతినగరం నుంచి బస్సులో వస్తుంటే పక్క సీటావిడ ఒడిలో నాలుగు రోజుల మేకపిల్ల ఒకటి అరిచింది. బస్సంతా దాన్ని ముద్దు చేస్తుంటే నేనొక్కదాన్నే కిటికీ వైపు తిరిగిపోయాను. ఒకప్పుడు ఇంట్లో పాడిమేకను సాకిన నా ఈడువాళ్ళకు ఎందుకో చెబితే అర్థమవుతుందనుకుంటాను.

పదేళ్ళు దాటిన మాట. సెల్‌ఫోన్లు వచ్చాయి గాని మా ఊళ్ళో అవి ఇంకా మాట్లాడుకోవడానికే. మా ఆయన గరివిడిలో పనిచేస్తూ వారానికోసారి వచ్చేవారు. ఇంట్లో నేనూ, ప్రార్థనకు ఏనాడూ రాని మా అత్తా, ఒక మేకా. దాని మొదటి ఈతలో పుట్టిన రెండు పిల్లలూ మూడు రోజుల్లోనే చనిపోయాయి. బాప్తిస్మం పుచ్చుకున్న కొత్త వేడిలో ఉన్నదాన్ని, వాక్యం చదవనిదే పొయ్యి వెలిగించనిదాన్ని, అది నా పాపానికి శిక్షేనని నమ్మాను. మేక మళ్ళీ చూడి కట్టగానే దాని పక్కన మోకరించి మొక్కుకున్నాను: ఈసారి పిల్లలు ప్రాణాలతో నేలమీద పడితే మొదటి పాలు ప్రథమ ఫలంగా దేవుడివే, అంతకుముందు ఎవరి నోటా ఒక్క చుక్క పడదు.

ఆయన రాని వారం, ఆదివారం తెల్లవారుతూ, ముసురులో, రెండు పిల్లలు పుట్టాయి. ఒకటి తెల్లది, ఇంకొకటి మచ్చలది, కొంచెం నీరసం. రెండింటినీ గంప కింద మూసి, పసుపు పచ్చగా చిక్కగా ఉన్న ముర్రుపాలను ఆఖరి ధార వరకు చెంబులోకి పిండేశాను. మా అత్త గుమ్మంలోంచి కేకేసింది: "పిల్లల నోరు కొట్టి తనకి పెట్టమన్నాడేటే మీ దేవుడు? ముందు ఆటికి పట్టవే!" నేను వినిపించుకోలేదు.

ప్రార్థన మందిరం ఊరి వాగుకు, మేం గెడ్డ అనేదానికి, అవతల. మోకాలి లోతు నీళ్ళలో చెంబు నెత్తిమీద పెట్టుకుని దాటాను. ఆరాధన ఇంకా మొదలు కాలేదు. మా పాస్టరుగారు మేకలు కాసుకునే ఇంట పుట్టిన మనిషి. మూత తీసి ఆ రంగు చూడగానే ఆయన ముఖం మారిపోయింది. "పిల్లలు తాగినాయేటమ్మా?" అన్నారు. ముందు దేవుడికేనండీ అన్నాను గర్వంగానే. ఆయన చెంబు నా చేతుల్లో పెట్టేసి, "ఇయి దేవుడు ఆటికే ఇచ్చినాడు. పరుగెట్టమ్మా, ఆలీసం సెయ్యకు" అన్నారు.

తిరిగి వచ్చేసరికి గెడ్డ తొడల దాకా లేచింది. మేక పొదుగులో చుక్క లేదు, ఉన్నదంతా ఈ చెంబులోనే. కాలు జారితే పిల్లలు పోతాయన్న భయం ఒకటి, దేవుడి ముందు పెట్టినదాన్ని వెనక్కి తీసుకుపోతున్నానన్న భయం ఒకటి. ఏది పెద్దదో ఆ నీళ్ళ మధ్య నాకు తెలియలేదు. చెంబును రెండు చేతులా పట్టుకుని అడుగులో అడుగు వేశాను.

ఇంటికి వచ్చేసరికి మా అత్త రెండింటినీ ఒడిలో వేసుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. వాటి నోట్లో వేలు పెడితే లోపల కూడా చల్లగా తగిలింది. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, చల్లబడిన పిల్లకు పాలు పోస్తే ఊపిరికి అడ్డుపడతాయి, ముందు ఒళ్ళు వెచ్చబడనివ్వండి అన్నారు. పాలు ఎదురుగా ఉండి, పట్టకూడని ఆ గంట కంటే భయంకరమైన గంట నా బతుకులో లేదు. గోనెతో రుద్దుతూ, ఒక్కో ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాం. చివరికి చెంబును వేడినీళ్ళలో ఉంచి, గుడ్డ ముంచి చుక్కచుక్కగా పిండాం. తెల్లది నాలుక కదిపింది, కాసేపటికి చీకింది. మచ్చలది రెండు గుటకలు వేసి ఆగిపోయింది.

దడి వెనక దాన్ని మా అత్తే పూడ్చింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. ఆమె వచ్చి చేతులు కడుక్కుని, "తల్లికి గంజెట్టు, సాయంత్రానికి పాలు సేపుతాది" అంది, అంతే. ముసురుకు పోయిందని ఊరంతా అనుకుంటే నేనూ ఊరుకున్నాను.

ఇప్పుడైతే మేకపిల్లకు పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలని బడిపిల్లలకు కూడా తెలుసు, ఫోన్‌లోనే చూపిస్తున్నారు. మా సంఘంలో మేకలున్న ఇల్లు ఒక్కటీ మిగలలేదు, ఆ పాస్టరుగారూ కన్నుమూసి మహిమలోకి వెళ్ళిపోయారు. పిల్ల నోటి దగ్గరది లాక్కునేవాడు కాడు నా దేవుడని, ఆయన్ని అలా అనుకున్నది నా భయమేనని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ రోజు నీ మాటే నిజమత్తా అని చెప్పడానికి ఆమె మంచాన పడ్డాక పక్కన ఎన్నో సాయంత్రాలు కూర్చున్నాను గాని, కాళ్ళు ఒత్తి లేచి వచ్చేశాను. ఇప్పుడు నోరు వచ్చింది, వినడానికి ఆవిడ లేదు.