వెనక సీటు లేని బండి

దుర్గాపూజలు దగ్గర పడుతున్నాయని వసారాకి రంగు వేయిస్తున్నాం. నిన్న రంగుల మిస్త్రీ గచ్చు మీదున్న నల్లటి ఇంజనాయిలు మరక దగ్గర చతికిలబడి, రెండుసార్లు సోడా వేసి తోమి, చివరికి నడుం పట్టుకుని లేచి, "మాసీమా, ఈ దాగు పోదు. లోపలిదాకా దిగిపోయింది" అన్నాడు. ఉండనీ అన్నాను. కారణం చెప్పలేక కాదు. నలభై ఏళ్ళుగా హౌరా పక్కన ఈ లిలువాలో ఉన్నదాన్ని, బెంగాలీలో పోట్లాడగలను కూడా. కానీ ఒక మోటారు సైకిలు ఈ వసారాలో వానాకాలమంతా కాపురం చేసిందనీ, నా చింతపండు తాగిందనీ, నా ఇడ్లీ పళ్ళాల్లో పడుకుందనీ మొదలుపెడితే అతను కుంచె పక్కన పెట్టి కూర్చుంటాడు. గోడలు సగంలో ఆగిపోతాయి.

ముందే చెప్తున్నాను, ఎవరైనా చేసిన అవమానాన్ని మర్చిపోయే అలవాటు నాకు లేదు. మా ఇంట్లోవాళ్ళు దాన్ని జబ్బంటారు. ఆ బండి విషయంలో మొదటి అవమానం హౌరా స్టేషన్లోనే జరిగింది. బండి మా మామగారిది. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దగ్గర దాన్ని తీసుకున్నారట. విజయనగరంలో పెళ్ళయి మేం రైలు దిగేసరికి, కొత్త దంపతులు దాని మీద ఇంటికి రావాలని మా ఆయన స్నేహితులు బండికి బంతిపూల దండ కట్టి స్టేషను బయట నిలబెట్టారు. నేను పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను. ఇంతలో మా ఆడపడుచు, "అన్నయ్యా, టాక్సీ ఎక్కితే నాకు వాంతులొచ్చేస్తాయి" అని ఎగిరి వెనక సీటు మీద కూర్చుంది. ఆయన ఒకసారి నా వైపు చూసి, నవ్వి, కిక్కు కొట్టి వెళ్ళిపోయారు. బంతిపూలు లిలువా వైపు ఎగురుకుంటూ పోయాయి. నేను టాక్సీలో అత్తగారికీ వంకాయల బుట్టకీ మధ్య ఇరుక్కుని అత్తారింటికి వచ్చాను. మా ఆడపడుచుకి ఆ తర్వాత ఏ టాక్సీలోనూ వాంతులు రాలేదని నేను గమనిస్తూనే ఉన్నాను.

బండి మరో పద్దెనిమిదేళ్ళు తిరిగి, ఒక రోజు ఆగిపోయి, ముక్కలుగా విడిపోయి గోనెసంచుల్లో మెట్ల కిందికి చేరింది. మా ఆయన కూడా వర్క్‌షాపులో ఫిట్టరే. రిటైరైన ఏడాది, తొలి వాన పడిన మధ్యాహ్నం, ఆ సంచులు బయటికి లాగారు. అప్పటికి మా పెళ్ళయి ముప్పై ఆరేళ్ళు. మర్నాటికి నా ఇడ్లీ పళ్ళాల్లో గుంటకో సైజు చొప్పున నట్లున్నాయి. పెట్రోలు ట్యాంకులో తుప్పు వదలాలని ఏడాదికని దాచుకున్న చింతపండు పులుసు తీసి, గులకరాళ్ళతో కలిపి అందులో పోసి, పసిపిల్లని ఊపినట్టు ఒళ్ళో పెట్టుకుని ఊపారు. బేరింగు దిగడం లేదని గేరు డబ్బాని నా అట్లపెనం మీద కాల్చారు. "పెనం పాడైపోద్దండీ" అంటే, "ఇనపది పాడవదే, నీ కోపంలాగ" అన్నారు. అది రెండో అవమానం.

అయినా ఆ వానాకాలాన్ని నేను తిట్టలేను. భోజనాలయ్యాక వీధంతా నిద్రపోయేది. రేకు మీద వాన ఒకే శ్రుతిలో పడుతుండేది, సందులో చీలమండల లోతు నీళ్ళలో ఎవరిదో చెప్పు ఒకటి తేలుతూ వచ్చి మా గుమ్మం ముందు ఆగి మళ్ళీ వెళ్ళిపోయేది. దూరంగా లోకల్ రైలు వెళ్తుంటే పళ్ళెంలో కిరసనాయిలు సన్నగా వణికేది. ఆయన పిస్టను రింగుని గుడ్డతో తుడిచి వెలుగులోకి ఎత్తి, దానిలోంచి ఆకాశాన్ని చూసేవారు. నేను గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తూ, చూడనట్టు చూసేదాన్ని. ఆదివారాలు పాత బళ్ళ సామాను అమ్మే మల్లిక్ బజారుకి వెళ్ళి ఏదో ఒక చిన్న ముక్క జేబులో వేసుకొచ్చేవారు. రిక్షాలకి బొమ్మలేసే ముసలాయన వచ్చి నల్లటి ట్యాంకు మీద ఊపిరి బిగబట్టి బంగారు గీత గీశాడు. ఆ గీత ఆరేదాకా ముగ్గురం దాని చుట్టూనే కూర్చున్నాం. తడి మట్టి, కిరసనాయిలు, కొత్త రంగు కలిసిన ఆ వాసనకి నాకు పగలే మగతగా ఉండేది.

సరిగ్గా అప్పుడే బజారు నుంచి ఒక కొత్త సీటు వచ్చింది. కాగితం విప్పితే గోధుమరంగు తోలు సీటు, కింద రెండు స్ప్రింగులు, ఒక్క మనిషికి. ఫోనులో ఎవరివో బళ్ళు చూసి మోజుపడ్డారట. హ్యాండిలు దించుతారట, మడ్‌గార్డులు సన్నం చేస్తారట. మర్నాడు నేను కూరలకి వెళ్ళొచ్చేసరికి వెనక సీటుని మోసే కడ్డీలు రెండూ రంపంతో కోసేసి ఉన్నాయి. ఇనపరజను ఊడ్చింది నేనే. ఆ రోజు నుంచి పదకొండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అవసరమైతే ఎదురింటి బెంగాలీ ఆవిడకి చెప్పేదాన్ని. ఆవిడ కిటికీలోంచి, "దాదా, అన్నం చల్లారిపోతోందట!" అని అరిచేది. ఆయన అక్కణ్ణుంచే, "వస్తన్నానని చెప్పండి బౌదీ" అనేవారు. మేమిద్దరం నిలబడింది మాత్రం ఒకే వసారాలో.

పన్నెండో రోజు విశ్వకర్మ పూజ. లిలువాలో ఆ రోజుకున్న పట్టింపు మరే పండగకీ లేదు. యంత్రానికి బొట్టుపెట్టి దండం పెట్టాలే గాని, పానా ముట్టుకోకూడదు. ఉద్యోగమంతా ఆయన ఆ నియమం తప్పలేదు. కుళాయి కారుతున్నా మర్నాటిదాకా కింద బాల్చీ పెట్టేవారు. ముందురోజే బండి పూర్తిచేసి, పొద్దున్నే ఇంజనుకి కుంకం పెట్టి దండ వేశారు. ఆ రోజు ఇక్కడి ఆనవాయితీగా ఆకాశం నిండా గాలిపటాలు. బూందీ తింటూ వీధివాళ్ళు చుట్టూ మూగారు. ఎదురింటావిడ బండి చుట్టూ తిరిగి, "బాగుంది దాదా, మరి దీదీ ఎక్కడ కూర్చుంటుంది?" అంది.

"ఆవిడ ఎక్కదు బౌదీ" అన్నారు నవ్వుతూ.

పదకొండు రోజుల మౌనం అక్కడ తెగింది. "నన్నెవరైనా అడిగేరా?" అన్నాను, అందరి ముందూ, తెలుగులోనే.

"అడగలేదేటి? బేలూరు మఠానికి పోదాం రాయే అన్నాను, రానన్నావు. పెద్దోడు పుట్టేక మీ అక్క క్వార్టర్సుకి సంత్రాగాఛి తీసుకెల్తానన్నాను, బస్సుందన్నావు. గంగ ఒడ్డుకి పోదామంటే తలనొప్పన్నావు. నానింకెన్నిసార్లడగాలి?" ఆయన కూడా ఏదీ మర్చిపోలేదని నాకు ఆ రోజే తెలిసింది. వీధివాళ్ళు ఖాళీ దొన్నెలతో మెల్లగా జారుకున్నారు.

అప్పుడు చెప్పాను, మొట్టమొదటిసారి. హౌరా స్టేషను, బంతిపూలు, వాంతులు, వంకాయల బుట్ట. ఆయన నోరు తెరుచుకుని విన్నారు. "చెల్లి ఎక్కిందా? నాకు గేపకమే లేదే" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఆరేళ్ళు నేను మోసినదాన్ని ఆయన ఒక్క పూట కూడా మొయ్యలేదన్నమాట. "అందుకేనేటి ఎక్కనిది? ఒక్క ముక్క చెప్పొచ్చు గదే" అన్నారు మళ్ళీ, ఈసారి మెల్లగా. నేను గాలిపటాల వైపు చూశాను.

కాసేపటికి ఇనప చప్పుడు వినిపించి తిరిగి చూస్తే, ఆయన దండ తీసి పక్కన పెట్టి, పానాతో సీటు బోల్టులు విప్పుతున్నారు.

"ఈ రోజు ముట్టుకోకూడదు కదండీ!"

"విశ్వకర్మకి నాన్చెప్పుకుంటాన్లే" అన్నారు తలెత్తకుండా. పానా రెండుసార్లు జారింది. విప్పమని నేను అడగలేదు. అది మాత్రం గుర్తుంచుకోవాలి.

కోసిన కడ్డీలు మళ్ళీ అతికించి, పొడుగు సీటు కుట్టించేసరికి దీపావళినాటి కాళీపూజ దాటింది. మంచు పట్టిన ఒక ఉదయం వెనకాల కూర్చున్నాను. గట్టిగా పట్టుకోమని ఆయన అనలేదు, నేనే పట్టుకున్నాను. బాలీ బ్రిడ్జి మీద గంగ కనిపించలేదు, కింద తెల్లగా ఏదో ఊపిరి తీస్తున్నట్టుంది. బండి మెత్తగా, నెమ్మదిగా, ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకుంటున్నట్టు కొట్టుకుంటోంది. ఆ చప్పుడు ఆయన వీపులోంచి నా చెంపలోకి వచ్చింది. వంతెనకి ఆ చివర ఉందో లేదో కూడా తెలియలేదు. ఆయన ఏదో అన్నారు. గాలికి వినపడలేదు, మళ్ళీ అడగబుద్ధి కాలేదు.

అలా రెండు చలికాలాలు తిరిగాం. తర్వాత ఆయన కంటి చూపు తగ్గింది. ఇక నడపొద్దన్నారు డాక్టరు. బండి ఇప్పుడు వెనకగదిలో దుప్పటి కప్పుకుని ఉంది. మా ఆడపడుచు చేసింది తప్పే, ఈ మాట ఎప్పుడైనా ఎక్కడైనా అంటాను. కానీ ఆవిడ కూర్చున్నది ఒక్క గంట. ఆ తర్వాత బండి తిరిగిన పద్దెనిమిదేళ్ళూ ఆ సీటు ఖాళీగానే ఉంది, ఎందుకు ఎక్కనో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు, ఆ తప్పు ఎవరి పేరున రాసుకోవాలో నాకింకా తేలలేదు.