కందకు పాడిన డబ్బు

మా సంఘంలో కోత పండుగ నాడు ఆరాధన ముగిశాక వేలంపాట జరుగుతుంది. పొలం ఉన్నవాళ్లు ధాన్యం, అరటి గెలలు, కోళ్లు తెస్తారు. లేనివాళ్లు కేకులో పచ్చళ్లో తెస్తారు. బజారులో నలభై రూపాయలు చేసే సొరకాయ అక్కడ నాలుగు వేలకు పోతుంది. పాడినవాళ్లు సరుకును ఆ పూటే ఇంటికి తీసుకుపోతారు, సొమ్ము తర్వాత చేరుస్తారు. పటమటలోని మా చర్చికి ఆరేళ్లుగా కోశాధికారిని నేనే. ఎవరు ఎంతకు పాడారో, ఆ డబ్బు ఏ రోజున చేరిందో రాసుకోవడం నా పని. జూనియర్ కాలేజీలో కామర్సు చెబుతాను కాబట్టి నాకు అప్పగించారు. అప్పగించకపోయినా రాసుకునే అలవాటే నాది.

గత నవంబరు రెండో ఆదివారం పాటకు పెట్టిన ఒక కందగడ్డ గురించి ఇది.

మా గాయకబృందంలోని ఒక అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. తల్లి నర్సు, తండ్రి ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పని చేస్తాడు. అంతకుముందు ఏడాది ఆ అమ్మాయి కాలేజీ వాళ్లతో హిమాచల్‌కు ట్రెకింగ్ క్యాంపుకు వెళ్లి, అక్కడి వాలు మీద తన ఈడు పిల్లలు స్కీయింగ్ చేస్తుంటే చూసి వచ్చింది. ఇక అదే ధ్యాస. కాలవల మధ్య పుట్టినదానివి, మంచు మీద జారడం నేర్చుకుని ఏం చేస్తావని అందరూ అడిగారు. నేనూ అడిగాను.

“మీరు హార్మోనియం నేర్చుకున్నారుగా ఆంటీ, ఏం చేశారు?” అంది.

ఆ పిల్ల మీద నాకు గురి కుదిరింది ఆ రోజే.

రెండు వారాల ప్రాథమిక కోర్సు. తిండీ బసా స్కీలూ కలుపుకొని పద్నాలుగు వేలు. రైలు, బస్సు రానూపోనూ ఆరు వేల రెండు వందలు. మంచులో వేసుకునే కోటు, చేతి తొడుగులు, కళ్లద్దాలు ఏడు వేలు. డాక్టరు సర్టిఫికెట్టు, బీమా పదమూడు వందలు. చేతి ఖర్చు రెండున్నర వేలు. మొత్తం ముప్ఫై ఒక్క వేలు. ఈ లెక్క మా ఇంట్లో నా ఎదుట కూర్చుని ఆ అమ్మాయే వేసింది. నేను కూడి చూశాను, తప్పు లేదు. అప్పటికి తన దగ్గర పదమూడు వేలున్నాయి. పెళ్లిళ్ల సీజనులో ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ వాళ్లతో వడ్డనకు వెళ్లి రాత్రికి ఐదు వందల చొప్పున ఎనిమిది వేలు, ఇద్దరు పిల్లలకు ట్యూషను చెప్పి ఐదు నెలల్లో ఐదు వేలు సంపాదించింది. జనవరి బ్యాచిలో సీటు ఖాయమైంది. డబ్బు కట్టడానికి డిసెంబరు ఐదు గడువు.

లోటు పద్దెనిమిది వేలు. పండుగలో ఒక్క సరుకు పాట డబ్బు ఆ అమ్మాయికి ఇవ్వవచ్చునా అని పాస్టరు గారిని అడిగింది నేనే. ఆయన ఒప్పుకుని, పాటకు ముందు స్వయంగా ప్రకటిస్తానన్నారు. ఆ వారంలోనే కంకిపాడు నుంచి మా అన్నయ్య ఫోను చేసి, ఆ పిల్లకు ఎంత తక్కువైందని అడిగాడు. చెప్పాను. అన్నయ్యకు కంకిపాడులో ఎరువుల దుకాణం ఉంది, సంఘం మాత్రం మాదే. నా బీకాం ఫీజు మూడేళ్లూ గడువుకు ముందే కట్టిన మనిషి. ఆ అంకె అడిగాడంటే ఇక దాన్ని గురించి ఆలోచించనక్కరలేదు అనుకున్నాను.

కందగడ్డ ఏడు కిలోలుంటుంది. ఈ పాట మన అమ్మాయి శిక్షణ కోసమని పాస్టరు గారు చెప్పగానే కుర్రకారు చప్పట్లు కొట్టారు. వెయ్యితో మొదలైంది. ఐదు వేలు దాటాక ఇద్దరే మిగిలారు, అన్నయ్య, ఒక రోడ్ల కాంట్రాక్టరు. కాంట్రాక్టరు పద్దెనిమిది వేలన్నాడు. అన్నయ్య లేచి నిలబడి, ఆ అమ్మాయి వైపు చెయ్యి చూపించి, “పద్దెనిమిదిన్నర. మన పిల్ల మంచుకొండ మీద జారాలి, కింద పడకూడదు” అన్నాడు. అందరూ నవ్వారు. తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ రాత్రి నేను ‘మిగులు ఐదు వందలు’ అని రాసుకున్నాను.

మర్నాడు అమ్మాయిని పిలిచి, ఇక వడ్డనకు వెళ్లవద్దు, సెమిస్టరు పరీక్షలు చూసుకోమన్నాను. తను కాస్త తటపటాయించింది. డబ్బు చేతికి రానివ్వండాంటీ అంది. అన్నయ్య మాటంటే డబ్బేనన్నాను. మానేసింది. క్యాటరింగ్ మేస్త్రీ ఆ చోట్లో ఇంకొకరిని పెట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం అన్నయ్య ఇంట్లో ఆ కందతోనే కంద బచ్చలి కూర వండారు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. డబ్బు సంగతి ఎత్తితే వారంలో పంపుతానన్నాడు. వారం గడిచింది. ఫోను చేస్తే సరుకు లారీ వచ్చిందన్నాడు, ఇంకోసారి చేస్తే బ్యాంకు సెలవన్నాడు. ఆ రోజు బ్యాంకుకు సెలవు లేదు. అయినా నేను అనుమానించలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన చివర పాస్టరు గారు ప్రహరీ గోడ నిధికి వచ్చిన కానుకలు చదివారు. ఆ నిధికి డబ్బు తీసుకుని రసీదు ఇచ్చేది ఆయనే. పదిహేను వేలు దాటి ఇచ్చినవారి పేరు పాలరాతి పలక మీద చెక్కిస్తారు. అన్నయ్య పేరు చదివి, పద్దెనిమిది వేల ఐదు వందలు, కోత పండుగ పాట తాలూకు, అన్నారు. నేను ముందు వరుసలో ఉన్నాను. ఆ అమ్మాయి గాయకబృందంలో నాకు ఎదురుగా నిలబడి ఉంది. చేతిలోని పాటల పుస్తకం మూయలేదు, తల తిప్పలేదు.

ఆరాధన కాగానే పాస్టరు గారిని అడిగాను. ఇచ్చేవారు ఎందుకిస్తున్నామంటే అందుకే జమ చేయాలి గదమ్మా అన్నారు. ఆ మధ్యాహ్నమే కంకిపాడు బస్సెక్కాను. ఆదివారమైనా అన్నయ్య దుకాణంలో ఉన్నాడు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

“నేనేమన్నా ఎగ్గొట్టానా? పైసలతో సహా కట్టాను. రసీదు చూపించమంటావా?”

“ఆ పిల్ల కోసం పాడావు అన్నయ్యా.”

“పండగలో పాడింది దేవుడి సొమ్ము. ఆడపిల్ల జారుడుబండ ఆటకెందుకు పోవాలి? రేపు కాలో చెయ్యో విరిగితే పంపించిన పాపం నాదంటారు. గోడకైతే ఏ పేచీ లేదు.”

“మరి ఆ రోజు నిలబడి ఆ మాటెందుకన్నావు?”

“ఆ కాంట్రాక్టరు చూశావుగా, ఎట్టా ఎగబడుతున్నాడో. వాడికి వదిలెయ్యమంటావా?” అని, కాస్త గొంతు తగ్గించి, “నువ్వు ఊరికే పెద్దది చెయ్యమాక అమ్మాయ్. అంత ప్రేముంటే నువ్విచ్చుకో” అన్నాడు.

అంతకుముందే ఇవ్వాలనుకున్నాను. కానీ ఆ మాట అన్నయ్య నోట వచ్చాక, పండుగకు ముందు నన్ను ఫోనులో అంకె అడిగింది ఎందుకో అర్థమైంది. ఎంత పాడితే అందరికీ ఆ పిల్లను తానే పంపినట్టుంటుందో తెలుసుకోవడానికి నన్ను అడిగాడు. అన్నయ్య అబద్ధం ఆడడని నేను యాభై ఏళ్లు నమ్మాను. అక్కడ కూడా ఆడలేదు. బ్యాంకు సెలవు మాట తప్పిస్తే అన్నదంతా నిజమే, కట్టిన డబ్బూ నిజమే. నాకు మాత్రం నా చేతిలో ఏమీ మిగలలేదనిపించింది.

డిసెంబరు నాలుగున పద్దెనిమిది వేలు డ్రా చేసి వాళ్లింటికి వెళ్లాను. తల్లి టీ ఇచ్చింది. కవరు ముట్టుకోలేదు.

“వద్దండీ. అందరూ మా పిల్లకు డబ్బు ముట్టిందనుకుంటున్నారు. నిన్న కూరగాయలవాడి దగ్గర కూడా ఒకావిడ అడిగింది, అన్నగారి డబ్బుతో ఎప్పుడెళ్తుందని. ఇప్పుడు మీ దగ్గర తీసుకుని వెళ్లిందనుకోండి, ఆ మాటే నిజమైపోద్ది.”

ఇది నా డబ్బని అందరికీ నేను చెబుతానన్నాను. అమ్మాయి అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింది.

“ఎంతమందికని చెప్తారండీ” అంది.

‘ఆంటీ’ అనలేదని నేను ఇంటికి వచ్చాక గుర్తించాను. గడువు దాటిపోయింది. సీటు ఇంకెవరికో వెళ్లింది. ఒకే పద్దెనిమిదిన్నర వేలతో అన్నయ్యకు రెండు పేర్లు వచ్చాయి: ఒకటి పలక మీద, ఒకటి జనం నోట. కోశాధికారి పనికి జనవరిలో రాజీనామా ఇచ్చాను. కారణం రాయమంటే ఆరోగ్యమని రాశాను. అన్నయ్య ఇంటికి అప్పటినుంచి వెళ్లలేదు.

మార్చి మొదట్లో ఆ అమ్మాయి వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫోటో చూశాను. మంచు, కాళ్లకు స్కీలు, తనకంటే రెండు సైజులు పెద్దదైన నారింజ రంగు కోటు. ఫిబ్రవరి బ్యాచిలో వెళ్లి వచ్చిందట. నాకు చెప్పలేదు.

తర్వాతి వారం రైతు బజారులో ఎదురుపడింది. వందనాలండీ అని నవ్వింది. అడిగినదానికల్లా చెప్పింది. మొదటి మూడు రోజులూ నడవడం, పడడం, లేవడమేనట. లేవాలంటే ముందు స్కీలను వాలుకు అడ్డంగా తిప్పుకోవాలట. కోటు ట్రెకింగ్ క్యాంపులో పరిచయమైన గుంటూరు స్నేహితురాలిదని, ఆమెకు రాజమండ్రి నుంచి వచ్చిందని చెప్పింది. వేసుకున్నవాళ్లు ఉతికి తర్వాతివాళ్లకు పంపాలి. తొడుగులూ అద్దాలూ అంతే. వెళ్లొచ్చినవాళ్లు తలా కొంత వేసి తర్వాత వెళ్లేవాళ్లకు దారి ఖర్చులు ఇస్తారట. మిగిలినది తను మళ్లీ వడ్డనలకు వెళ్లి కూడబెట్టింది.

“మొత్తం ఎంతైంది?” అన్నాను.

“సరిపోయిందండీ.”

తర్వాత వెళ్లేదెవరని అడిగితే తెనాలి అమ్మాయి అంది. ఆ అమ్మాయి దారి ఖర్చులకు నేను కూడా ఏమైనా వేస్తానన్నాను.

“అది వెళ్లొచ్చినవాళ్లమే వేసుకుంటామండీ” అంది, చాలా మర్యాదగా.

పరీక్షలు ఎలా రాశావని అడిగాను. బాగానే రాశానంది. వంకాయలు తూచిన మనిషి డబ్బు అడిగితే ఆ అమ్మాయి ఇచ్చేసి, చిల్లర లెక్కపెట్టుకుని, వస్తానండీ అని వెళ్లిపోయింది.