రాజవ్వ ముందుగా చదవమన్న వాక్యం

మునగాకు వేయించేటప్పుడు మొదట పచ్చివాసన వస్తుంది. వెల్లుల్లి ఎర్రబడ్డాక అదే కమ్మగా మారుతుంది. నిన్న సాయంత్రం ఆ వాసన సూరత్ బమ్రోలిలోని మా గది దాటి వరండాలోకి పోయింది. పక్క గది తలుపు చప్పుడైంది. అక్కడ ఇప్పుడు ఒడిశా వాళ్లుంటున్నారు. అయినా ఒక్క క్షణం, "మాడవెడుతున్నవా ఏందే, పద్మా!" అంటూ రాజవ్వ బయటికి వస్తుందనుకున్నాను.

రాజవ్వది సిరిసిల్ల వైపు పల్లె. భర్త పోయాక, మరమగ్గాల మీద పనిచేసే కొడుకు వెంట సూరత్ వచ్చింది. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, సలాబత్‌పురాలో మనవాళ్లు నడిపే చిన్న గ్రంథాలయంలోని తెలుగు పుస్తకాలన్నీ చదివాను. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. "మా పద్మకు తలకాయ నొస్తే గోలీ ఏసుకోదు, పుస్తకం తెరుస్తది" అని రాజవ్వ వరండా అంతటికీ వినబడేలా అనేది.

కరోనా వచ్చిన మొదటి ఏడు, మగ్గాలు ఆగిపోయిన వేసవిలో నేను కడుపుతో ఉన్నాను. ఇంట్లో రేషన్ బియ్యం, పప్పు, ఆలుగడ్డలు తప్ప మరేమీ లేవు. అవి కూడా సగం కడుపుకే తినేదాన్ని. ఊరి నుంచి అత్తమ్మ ఫోను చేసినప్పుడల్లా, "మస్తు తినకు బిడ్డా, లోపలి పిల్ల పెద్దగైతే కాన్పు కష్టమైతది" అనేది. మా వైపు కడుపుతో ఉన్నవాళ్లకు అందరూ చెప్పే మాటే అది. ఏడో నెల వచ్చేసరికి, పొద్దుగూకే వేళ నాకు వస్తువులు మసకబారసాగాయి. ఒకరోజు నల్లా దగ్గర నిండు బకెట్‌ను తన్నుకుని పడబోయాను. రాజవ్వ రెక్క పట్టుకుని ఆపింది.

"ఇంకా ఎలుగున్నది గదనే! గోడ పట్టుకొని నడుస్తున్నవేంది?"

"పొద్దుగూకితే కనవడ్తలేదవ్వా."

మామూలుగా దేనికైనా ఒక ఎత్తిపొడుపు వేసే మనిషి, ఆ రోజు నా బకెట్ తనే మోసి గది ముందు పెట్టింది. మర్నాడు పొద్దున్నే ముక్కుకు కొంగు కట్టుకుని నన్ను ఆరోగ్య కేంద్రానికి నడిపించింది. అక్కడి గుజరాతీ నర్సమ్మ నా కళ్లు చూసి, ఇది రేచీకటి అనీ, ఒంట్లో ఎ విటమిన్ తగ్గితే వస్తుందనీ చెప్పింది. తల్లి దగ్గర లేనిది కడుపులోని బిడ్డకు అందదు, బిడ్డ కళ్లు సరిగ్గా ఎదగాలంటే ఆకుకూరలు, గుడ్లు తిని పాలు తాగమంది. మందు ఇచ్చింది. బయట ఇంకా గట్టి బిళ్లలు కొనుక్కోనా అని అడిగితే, "వద్దు బెన్, అది ఎక్కువైనా బిడ్డకే చెరుపు. నేనిచ్చినంతే వేసుకో" అని కసిరింది.

ఆకుకూరల బండ్లు సరిగా రాని రోజులవి. మూతబడిన ఒక మగ్గాల షెడ్డు వెనక మునగచెట్టు ఉందని రాజవ్వకు తెలుసు. ఇక్కడివాళ్లు కాయలే తింటారు, ఆకు జోలికి ఎక్కువగా పోరు. ఆమె కొంగు నిండా దూస్తుంటే వాచ్‌మన్ నవ్వి, ఇంట్లో మేకను పెంచుతున్నావా మాసీ, అని హిందీలో అడిగాడు. "హాఁ భయ్యా, దో బక్రీ. ఏక్ బాహర్, ఏక్ పేట్ మే!" అని, రెండు మేకలు, ఒకటి బయట ఒకటి కడుపులో అన్నట్టు నా కడుపు వైపు చెయ్యి చూపింది రాజవ్వ. ఆ తర్వాత ఆకు కొమ్మలు అతనే వంచి ఇచ్చేవాడు.

ఆ జూన్‌లోనే ఒక ఆదివారం పొద్దున సూర్యగ్రహణం వచ్చింది. రాజవ్వ నా గది కిటికీకి దుప్పటి కట్టి, నన్ను కదలకుండా పడుకోబెట్టి, తలుపుకు అడ్డంగా కూర్చుంది.

"గ్రహణానికీ బిడ్డకూ సంబంధం లేదవ్వా. నేను చదివిన."

"చదివినవు లే. నేను జూసిన" అంది. తన బిడ్డ సుజాత సంగతి అప్పుడు చెప్పింది. సుజాతకు పుట్టుకతోనే చూపు సరిగా లేదు. ఊళ్లో చేత్తో తడుముకుంటూ మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతుకుతోంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట రాజవ్వ వంకాయ కోసిందట. పిల్ల కళ్లు నువ్వే కోసినవని అత్త చచ్చేదాకా అన్నదట.

నాకు కోపం, జాలి కలిసి వచ్చాయి. లాక్‌డౌన్ వల్ల గ్రంథాలయానికి తిరిగి ఇవ్వలేకపోయిన గర్భిణుల పుస్తకం నా తలగడ పక్కనే ఉంది. కిటికీ సందులోంచి పడుతున్న వెలుతురులో చదివి చెప్పాను. కన్ను రూపం మొదటి నెలల్లోనే మొదలవుతుంది, దాని వెనక పొర కాన్పు దాకా ఎదుగుతూనే ఉంటుంది, అందుకు తల్లి తినే తిండి కావాలి. "వంకాయతో ఏం కాలేదవ్వా. తిండే ముఖ్యం" అన్నాను.

రాజవ్వ నా వైపు తిరిగింది.

"మా అత్త నన్ను గూడ సగం కడుపుకే తిననిచ్చె. అంటే గ్రహణం గాదు, నా తిండా? నీ పుస్తకం గూడ నన్నే అనవట్టె గదనే!"

గబగబా పేజీలు తిప్పాను. ఆ అధ్యాయం చివర చిన్న అక్షరాల్లో ఉంది. పుట్టుకతో వచ్చే చూపు లోపాలకు కారణాలు అనేకం, చాలాసార్లు కారణమే తెలియదు, తల్లిని తప్పుపట్టడం తగదు. మెల్లగా చదివాను. మళ్లీ చదవమంది. చదివాను.

"గది ముందుగాల చదువొద్దా!" అంది. కళ్లు తుడుచుకుని లేచి, దుప్పటి తనే విప్పేసింది. "నడు, ఆకు ఉడకవెట్టాలె."

కొన్నాళ్లకు సాయంత్రాలు మళ్లీ స్పష్టంగా కనబడ్డాయి. వినాయక చవితి పోయాక పాప పుట్టింది. పాపకు రెండు నెలలు నిండాక రాజవ్వ రోజూ ఒక ఎర్ర పోగు తెచ్చి ముఖం ముందు ఆడించేది. నేను పక్కన కూర్చుని పాప కళ్లే చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం పాప కళ్లు పోగు వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లాయి. రాజవ్వ అప్పటికప్పుడు సుజాతకు ఫోను చేసి, "జూస్తున్నదే, పాప జూస్తున్నదే!" అని అరిచింది.

మరుసటి ఏడు రాజవ్వ సుజాత దగ్గరికని ఊరు వెళ్లింది. కరోనా రెండో వేవ్‌లో అక్కడే పోయింది. పరామర్శకు ఫోను చేస్తే సుజాత ఒక మాట చెప్పింది. "అక్కా, నా చిన్నప్పటి సంది అమ్మ నా ముఖం పట్టుకొని ఏడ్సేది. సూరత్ నుంచి వచ్చినంక మళ్ల ఏడ్వలే."

ఇప్పుడు మా వరండాలో కడుపుతో ఉన్నవాళ్లెవరైనా వస్తే, ఏం తినాలో నాకు తెలిసింది చెబుతాను, ఆరోగ్య కేంద్రానికి వెంట వెళతాను. అయితే పుస్తకం తెరిచేది మాత్రం చిన్న అక్షరాలున్న ఆ అధ్యాయం చివరి నుంచే.