చిన్నకోడలి జాకెట్, పెద్దకోడలి మాట

షెడ్డులో ఆమెను అందరూ ఊదుడక్క అంటారు. ఎదురుగా అనరు, అంటే ఊరుకోదు. విమానాల్లో సీట్ల కింద పెట్టే లైఫ్ జాకెట్లు గడువు తీరగానే ఆ షెడ్డుకు వస్తాయి. ఒక్కోదాన్నీ విప్పి, గాలి నింపి, కొక్కేనికి తగిలించి, కొన్ని గంటలయ్యాక అందులో ఎంత గాలి నిలిచిందో చూడాలి. జాకెట్‌ను ఉబ్బించే చిన్న గ్యాస్ బుడ్డిని ఊడదీసి తూకం వెయ్యాలి. ఈల మోగుతోందో లేదో, దీపం వెలుగుతోందో లేదో చూడాలి. అన్నీ సరిపోతే పౌడరు చల్లి, మడతలు పెట్టి, సంచిలో దూర్చి, కార్డు మీద ‘బాగుంది’ అని రాసి సంతకం చెయ్యాలి. పందొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. ఆమె బాగుందన్న జాకెట్ బాగాలేదని తిరిగొచ్చింది ఒక్కటి కూడా లేదు. సూపర్‌వైజరు అందరి మడతలూ విప్పి చూస్తాడు గానీ ఆమె బల్ల దగ్గరికి మాత్రం రాడు.

ఇంత పనిమంతురాలికి ఇంట్లో విలువెంత అంటారా? ఆ సంగతి ఆమెనే అడిగితే చెప్పడానికి ఒక పూట పడుతుంది. చుట్టాలెవరైనా వచ్చి పెద్దకోడలు ఏం చేస్తుందని అడిగితే, అత్తగారు “ఏవో సంచులు మడతపెడుతుంది” అని తేల్చేసేది. ఆ మాటకు మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైంది. తను విమానం ఎక్కలేదు, ఎక్కిన వాళ్ళెవరూ తన జాకెట్ వేసుకోవలసిన అవసరం రాలేదు. రాకూడదు కూడా. కనబడని పనికి మెప్పు ఎక్కడిదని సర్దిచెప్పుకుంది. చిన్నకోడలు కాపురానికి వచ్చేదాకా ఆ సర్దుబాటు బాగానే నడిచింది.

చిన్నకోడలు వచ్చి మూడేళ్ళు. ఇంటి ముందుగదిలోనే కూర్చుని ఫోనులో వీడియోలు తీస్తుంది. విమానమెక్కేవాళ్ళు ఎవరి జాగ్రత్తలో వాళ్ళుండాలని చెప్పి, పొగ ముసురుకుంటే తలకు తొడుక్కునే ముసుగు, టార్చి, ఈల, నడుముకు కట్టుకునే బుల్లి లైఫ్ జాకెట్, అన్నీ ఒక సంచిలో పెట్టి అమ్ముతుంది. లక్షమంది చూస్తారట. పక్కింటావిడ ఆ పిల్లను ఆపి మరీ పలకరిస్తుంది. అత్తగారైతే ఆ వీడియోలు పెట్టుకుని వంటింట్లో తిరుగుతుంది. విమానాల గురించి ఆ ఇంట్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా అందరి కళ్ళూ చిన్నదాని వైపే తిరుగుతాయి. పెద్దామె అక్కడే గిన్నెలు సర్దుతూ ఉంటుంది, ఆమెను అడగాలని ఎవరికీ తోచదు.

ఒకరోజు ఉండబట్టలేక అనేసింది. “ఎందుకే ఇవన్నీ? గాలి అందకపోతే పైనుంచి మాస్కు పడుతుంది. నీళ్ళలో దిగితే సీటు కిందే జాకెట్ ఉంటుంది. ప్రమాదంలో సంచులొదిలేసి బయటపడమని చెప్తుంటే, నువ్వు ఇంకో సంచి తగిలిస్తానంటావేం?”

“నిజమే అక్కా, సంచి పట్టుకుని దారికి అడ్డం నిలబడితే తప్పే. అందుకే ఇది నడుముకు కట్టుకుని ఎక్కమంటాను” అంది చిన్నది నెమ్మదిగా. “కానీ పైనుంచి పడే మాస్కు పొగను ఆపదు కదా. పొగలో రెండు నిమిషాలు ఊపిరి అందితే తలుపుదాకా వెళ్ళొచ్చు.”

ఆ మాట నిజమని పెద్దామెకు తెలుసు. తెలిసినందుకే కడుపు మరింత మండింది. వాదించి ఓడిపోయినా అంత బాధ ఉండేది కాదు, ఆ పిల్ల మర్యాదగా గెలిచింది.

ఇంతలో అత్తగారి ప్రయాణం కుదిరింది. సముద్రం అవతల ఉన్న అక్కగారికి ఒంట్లో బాగాలేదు, చూసి రావాలి. ఏడు గంటల ప్రయాణం, అందులో అయిదు గంటలు నీళ్ళ మీదే. ఈతరాని అత్తగారు ఆ మాట విన్నప్పటినుంచీ సరిగా తినడం మానేసింది. అప్పుడు పెద్దకోడలి మనసులో ఒక ఆశ పుట్టింది. ఇప్పుడైనా ఆవిడ తన దగ్గరకొచ్చి, సీటు కింద జాకెట్ ఉంటుందట గదా, అది నువ్వు చూసిందేనా అమ్మాయ్, అని అడుగుతుందని ఎదురు చూసింది. అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకుంది. ఆవిడ అడగలేదు. చిన్నకోడలు తన సంచి తెచ్చి ఇస్తే ఆవిడ రెండు చేతులా అందుకుంది.

“నా తల్లే! ఇక నాకు భయం లేదు” అంది.

పందొమ్మిదేళ్ళ పని మీద లేని నమ్మకం నిన్నగాక మొన్న వచ్చిన సంచి మీద! ఆ రాత్రి అన్నం సహించలేదు. మొగుడు ఏమైందని అడిగితే తలనొప్పి అంది.

సోమవారం పొద్దున అత్తగారు తన మందులు ఆ సంచిలో సర్దమంది. మందులు సర్దుతూ పెద్దామె అందులోంచి బుల్లి జాకెట్ తీసి తన చేతిసంచిలో వేసుకుంది. బయటి సరుకు బల్ల మీద పెట్టకూడదని షెడ్డులో కట్టుదిట్టమైన నియమం. మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక పెట్టింది. బుడ్డి ఊడదీసింది. తాడు లాగినప్పుడు సూది దిగి గ్యాస్ వదిలే రంధ్రం మూతి మీద అప్పటికే ఉంది. అయినా అలవాటు కొద్దీ తూకం వేసింది. ఉండవలసినదానికన్నా ముప్ఫైమూడు గ్రాములు తక్కువ, అంటే లోపల గ్యాసే లేదు. వీడియో కోసం ఉబ్బించి చూపించిన జాకెట్‌ను మడిచిపెట్టి, కొత్తదనుకుని అత్తగారికి ఇచ్చేసింది ఆ పిల్ల. తాడు లాగితే బుస్సుమని కూడా అనదు.

అప్పుడు ఆమెకు భయం వెయ్యాల్సింది. అత్తగారు నీళ్ళ మీద వెళ్తోంది, నడుముకు కట్టుకునేది ఉత్త గుడ్డ. భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. ఎన్నాళ్ళకో దొరికింది! బల్ల ముందు నిలబడి తనలో తనే నవ్వుకుంది. బుడ్డి మళ్ళీ బిగించి, జాకెట్ మడిచి, సాయంత్రానికి దాన్ని యథాస్థానంలో పెట్టేసింది. ఇప్పుడే చెబితే ఇంట్లోవాళ్ళ మధ్యే సర్దుకుపోతుంది. శుక్రవారం సాగనంపడానికి చుట్టాలంతా వస్తారు. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి.

మంగళవారం ఒక చిక్కు వచ్చిపడింది. చిన్నకోడలు ఆ జాకెట్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

“అక్కా, నీకు తెలిసినంత నాకు తెలీదు. అత్తయ్య ప్రాణం కదా, గుండె దడగా ఉంది. ఒక్కసారి చూసిపెట్టవూ?”

పందొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో ఒకరు ఆమెను ఆ మాట అడగడం అదే మొదటిసారి. అడిగింది అత్తగారై ఉంటే ఎంత బాగుండును! అడిగింది ఈ పిల్ల. పెద్దామె జాకెట్ అందుకుని, అటూ ఇటూ తిప్పి, బుడ్డి జోలికి పోకుండా తిరిగి చేతిలో పెట్టింది.

“బాగుంది” అంది.

“అమ్మయ్య! నువ్వు అన్నావంటే ఇంకేం కావాలి” అని చిన్నది తేలికపడి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులు ఆమెకు చేతిలో పని సాగలేదు. చెప్పేద్దామని గురువారం రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుంది. సరిగ్గా అప్పుడే అత్తగారు ఫోనులో ఎవరితోనో “మా చిన్నది బంగారం” అనడం వినిపించింది. నోరు మూసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నానికి ముందుగది నిండిపోయింది. అత్తగారు జాకెట్ కట్టుకుని పెళ్ళికూతురిలా నిలబడింది. చిన్నది ఫోటోలు తీస్తోంది. పెద్దామె జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చింది.

“తాడు లాగి చూపించండి అత్తయ్యా, అందరూ చూస్తారు.”

“వద్దక్కా! లాగితే ఇప్పుడే ఉబ్బిపోతుంది, మళ్ళీ పనికిరాదు!” అంటూ చిన్నది అడ్డం వచ్చింది.

పెద్దామె చెయ్యి చాచి తనే లాగింది.

ఏమీ కాలేదు. జాకెట్ అత్తగారి పొట్ట మీద అలాగే వేలాడింది. ఒక మేనత్త నవ్వబోయి ఆగిపోయింది. చిన్నది బుడ్డి ఊడదీసి, రంధ్రం చూసి, తల పట్టుకుని కింద కూలబడింది. “రెండూ కలిపేశాను... వాడేసిందే ఇచ్చేశాను” అని ఏడ్చేసింది.

పెద్దామె మూడేళ్ళుగా కోరుకున్నది ఇదే. గది గదంతా ఆమె వైపే చూస్తోంది.

“అది ఉబ్బదని నీకెలా తెలిసింది?” మొగుడు అడిగాడు.

“తెలియకేం? ఇది నా పని కాదూ? సోమవారం మధ్యాహ్నం మా బల్ల మీదే తూకం వేశాను. ముప్ఫైమూడు గ్రాములు తక్కువ” అంది, కార్డు మీద రాసినంత ఖచ్చితంగా.

చిన్నది ఏడుపు ఆపి తలెత్తింది. “సోమవారమా? మంగళవారం నేను తెచ్చి అడిగితే బాగుందన్నావు కదక్కా?”

మొగుడు పెద్దామె ముఖంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

అత్తగారు నడుము దగ్గరి పట్టీని తనే విప్పుకుంది. జాకెట్‌ను కుర్చీ మీద పెట్టి, పెద్దకోడలి దగ్గరికి నడిచి వచ్చింది. తిడుతుందనుకున్నారు అందరూ. ఆవిడ గొంతు పెంచలేదు.

“విమానంలో సీటు కింద ఉండేవి నువ్వు చూసి, బాగున్నాయని రాసేవే కదే అమ్మాయ్?”

ఆ ప్రశ్న కోసం ఆమె పందొమ్మిదేళ్ళు కాచుకుంది.

“అవునత్తయ్యా.”

“అలా రాసేటప్పుడు ఎవరి మీదా కోపం ఉండదు కదా?”

ఆవిడ ఎత్తిపొడవడానికి అడగలేదు. ఏడు గంటలు కూర్చోబోయే మనిషి, తెలుసుకుందామని అడిగింది.

“ఉండదత్తయ్యా” అంది పెద్దకోడలు. “వాటి మీద ఎప్పుడూ ఉండదు.”

అత్తగారు ఆ జాకెట్‌ను కుర్చీ మీదే వదిలేసి, చెప్పులు వేసుకోవడానికి వంగింది.