అమోఫా దాచిన గొట్టం

ఘానాలో, సువామేలోని మా షెడ్డులో మిల్లింగ్ మిషన్లకు బాల్ స్క్రూలూ బేరింగులూ బిగించడం అమోఫా ఒక్కడికే వచ్చు. నట్టును స్క్రూ మీంచి తీసేటప్పుడు లోపలి ఉక్కు గోళీలు రాలిపోకుండా దాన్ని ఒక ఇనుప గొట్టం మీదికి జరపాలి. ఇంకెవరూ నేర్చుకోకూడదని ఆ గొట్టాన్ని ఇంట్లో దాచి, పని ఉన్ననాడే తెచ్చేవాడు.

ఆ శనివారం అతని మేనమామ అంత్యక్రియలు. అక్కడికి వెళ్ళే బస్సు వచ్చేలోపు ఒక మిషను పని ముగిద్దామని వచ్చి, అంత్యక్రియలకు కప్పుకునే నల్లబట్ట మేకుకు తగిలించాడు. తీరా చూస్తే గొట్టం ఇంట్లోనే ఉండిపోయింది. దాని బదులు కాగితం చుట్టి పెట్టాడు. నూనెకు కాగితం మెత్తబడి చినిగింది. వదిలితే గోళీలన్నీ రాలిపోతాయని బొటనవేళ్ళతో నట్టు రెండు వైపులా మూసి అలాగే నిలబడిపోయాడు.

"మీ ఇంటికెళ్ళి గొట్టం తేనా?" అంది లేత్ మిషను మీద పనిచేసే అఫ్రియే.

"రానూపోనూ రెండు గంటలు."

"పోనీ, ఇటివ్వన్నా. నేను మూసి పట్టుకుంటాను, నువ్వెళ్ళు."

"నీకు రాదు."

"నేర్పితేగా వచ్చేది."

అతను ఇవ్వలేదు. బయట బస్సు రెండుసార్లు హారన్ కొట్టి, కదిలిపోయింది. అఫ్రియే మేకు మీది నల్లబట్ట తీసి అతని భుజాన కప్పింది.

"ఇక మీ మామ కోసం ఇక్కడే ఏడువు."